కరెంటు మూడు రోజులు పోతే ఇంట్లో ఏమేం ఉండాలి? మొంథా తుపాను తర్వాత అడుగుతున్నా

దేవరకొండ కోడలు
మొంథా వచ్చి పోయి పన్నెండు రోజులైంది. గుండెల్లో దడ ఇంకా తగ్గలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి తుపాను నరసాపురం దగ్గర తీరం దాటుతోందని టీవీలో చూశాం. సముద్రం ఎక్కడ, దేవరకొండ ఎక్కడ, మనకేం కాదులే అనుకుని పడుకున్నాం. 29 తెల్లారేసరికి దంచుడు వాన. ఐదున్నరకు కరెంటు పోయింది. మళ్లీ వచ్చింది 31 సాయంత్రం.

ఇంట్లో నేను, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ. మా ఆయన డ్యూటీ హైదరాబాద్‌లో, వారానికోసారి వస్తారు. అత్తమ్మకు 71 ఏళ్లు. షుగర్‌కి ఇన్సులిన్, ఆయాసానికి మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ మిషన్. మొదటి రోజు మధ్యాహ్నానికే ట్యాంకు ఖాళీ అయింది. రెండో రోజు రాత్రి అత్తమ్మకు ఆయాసం మొదలైంది. మిషన్ నడవదు. మంచం మీద కూర్చుని, రెండు చేతులు మోకాళ్లకు ఆనించి ముందుకు వంగి ఊపిరి లాగుతోంది. నేను ఫోన్ లైటు పట్టుకుని వీపు రాస్తున్నా. ఫోన్‌లో 6 శాతమే ఉంది. లైటు వేసి ఉంచాలా, ఆటోకు ఫోన్ చేయడానికి దాచుకోవాలా తెలియలేదు. చివరికి లైటు ఆర్పేసి, చీకట్లోనే పక్కింటి అన్నను లేపాను. వాళ్ల బంధువుల ఇంట్లో ఇన్వర్టర్ ఉందని, అత్తమ్మకు గొంగడి కప్పి వానలోనే బండి మీద తీసుకుపోయాడు.

డిసెంబరు దాకా తుపాన్ల కాలమే. 25 వేలు పక్కన పెట్టాను. ముందు రెండు గదులు స్లాబు, వెనక వంటిల్లు రేకులు, బోరు మోటరు ఉంది. ఏం కొనాలి, ఏం చేయాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాలమూరు పోరడు
ఇన్వర్టర్ తీసుకోండి అక్కా. 25 వేలల్లో బ్యాటరీతో సహా వస్తుంది. ఇక ఆలోచించేది ఏం లేదు.

మిర్యాలగూడ మిల్లు
ఇన్వర్టర్ మూడు రోజులు నడవదు తమ్మీ. చార్జ్ కావాలన్నా కరెంటే కావాలి కదా. చిన్న పెట్రోలు జనరేటర్ మేలు. మా మిల్లు పక్క క్వార్టర్‌లో అదే వాడతాం, ఫ్రిజ్ కూడా నడుస్తుంది.

వైర్‌మన్ 72
ఇద్దరూ వస్తువు పేరు చెప్పారు గానీ లెక్క చెప్పలేదు. నేను చెప్తాను, ఓపికగా చదవండి.

150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ అంటే, దాని 12 వోల్టులతో గుణిస్తే 1800 వాట్-అవర్. అది కాగితం మీది మాట. బ్యాటరీని పూర్తిగా పిండకూడదు, ఇన్వర్టర్‌లో కొంత పోతుంది. చేతికి 1100, 1200 దాకా వస్తుందనుకోండి. పాత ఫ్యాన్ ఒక్కటి 75 వాట్లు. రెండు ఫ్యాన్లు, మూడు ఎల్ఈడీ బుగ్గలు, వైఫై డబ్బా కలిపితే 190 దగ్గర పడుతుంది. అంటే ఆరు గంటలు, రాత్రి పన్నెండుకు అయిపోతుంది. అవే బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే ఒక్కోటి 30 వాట్లే, పన్నెండు గంటలు లాగుతుంది. ఫ్యాన్లు ఆపి ఒక 9 వాట్ల బుగ్గ, ఫోన్ చార్జింగ్‌తో సరిపెట్టుకుంటే రెండు రాత్రులు గడుస్తాయి. కాకపోతే ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నా తన సొంతానికి 15, 20 వాట్లు తింటుంది. పగలు దాని స్విచ్ కూడా ఆపేయండి. ఇది చాలామందికి తెలియదు.

ఇక నెబ్యులైజర్. మిషన్ వెనక వాట్లు రాసి ఉంటాయి చూడండి. 150 అనుకుంటే పావుగంటకు 38 వాట్-అవర్ కూడా కాదు. అంటే ఒక్క బ్యాటరీ మీద పాతికసార్లకు పైనే పెట్టొచ్చు. మీ ఇంటికి ఇన్వర్టర్ కావాల్సింది ఫ్యాన్లకు కాదు, ఆ మిషన్‌కి. సైన్ వేవ్‌ది, అంటే మన లైను కరెంటు లాంటిదే ఇచ్చేది, తీసుకోండి. చవకగా వస్తుందని స్క్వేర్ వేవ్ తీసుకుంటే మోటరున్న ప్రతి వస్తువూ గుర్రుమని వేడెక్కుతుంది. బ్యాటరీని బీరువా వెనకో, తలుపేసిన స్టోర్ రూములోనో పెట్టకండి. చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడాలి. రెండు మూడు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ చూసుకోవాలి.

దేవరకొండ కోడలు
పాతికసార్లా! ఆ రాత్రి ఈ ముక్క తెలిసి ఉంటే అప్పు చేసైనా ఇదివరకే కొనేదాన్ని.

చిట్యాల సిస్టర్
నేను స్టాఫ్ నర్సును. అత్తమ్మగారి సంగతి నాకు వదిలేయండి.

ఇన్సులిన్ గురించి అందరూ అనవసరంగా భయపడతారు. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో ఉండాలి, 2 నుంచి 8 డిగ్రీలు. వాడుతున్నది మాత్రం గది వేడిలో దాదాపు నాలుగు వారాలు ఆగుతుంది, ఎండ తగలకుండా, 30 డిగ్రీలు దాటకుండా ఉంటే చాలు. మందు మందుకూ కొంచెం తేడా ఉంటుంది, డబ్బాలోని కాగితం చూడండి. తుపాను రోజుల్లో మన దగ్గర గదిలో 30 దాటదు. ఎండాకాలంలో అయితే పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ పెట్టి, సీసాలను మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి లోపల పెట్టండి. పైన తడిగుడ్డ. ఐసు ముక్కల మీద మాత్రం నేరుగా పెట్టొద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే.

ఆయాసానికి మిషన్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. నోటికీ ఇన్‌హేలర్‌కీ మధ్య పెట్టే గొట్టం, అంటే స్పేసర్, పెట్టి ఇన్‌హేలర్ వాడితే చాలామందికి అంతే పని చేస్తుంది. మీ డాక్టర్‌ని అడిగి ఏది, ఎన్ని పఫ్‌లు అని చీటీ మీద రాయించుకోండి. దానికి కరెంటు అక్కర్లేదు. ముందుగా రెండుసార్లు ఆమెతో అలవాటు చేయించండి, ఆయాసంలో నేర్పితే రాదు. పెదవులు నీలంగా మారినా, పూర్తి వాక్యం మాట్లాడలేకపోయినా ఇంట్లో ఒక్క నిమిషం ఆగొద్దు, 108.

మందులు పదిహేను రోజులవి ఎప్పుడూ ఎక్కువ ఉండాలి. బీపీ, షుగర్ మాత్రలు అయిపోయేదాకా ఆగి కొనే అలవాటు మనలో ఎక్కువ.

అలంపూర్ తుంగభద్ర
సిస్టర్ చెప్పిన చీటీ మాట బంగారం. ఆ చీటీని మాత్రం ప్లాస్టిక్ కవర్‌లో పెట్టండి. 2009 అక్టోబరు 2న మాకు వచ్చిన వరద ఎవరూ మరిచిపోరు. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చిన రోజు. మా అలంపూర్, రాజోలి నీళ్లల్లో ఉన్నాయి. అన్నం, బట్టలు ఎవరో ఒకరు ఇచ్చారు. నా పదో తరగతి మెమో, నాయన పట్టాదారు పాసుపుస్తకం మాత్రం బురదలో ముద్దయిపోయాయి. మళ్లీ తీయడానికి నాయన ఆఫీసుల చుట్టూ రెండేళ్లు తిరిగాడు. అప్పటినుంచి మా ఇంట్లో కాగితాలన్నీ మూత బిగుతుగా ఉండే డబ్బాలో, అటక మీద ఉంటాయి. ఫోటోలు తీసి ఫోన్‌లో కూడా పెట్టుకున్నాం.

పాలమూరు పోరడు
అటక మీద పెడితే వానకు కురవదా అన్నా?

అలంపూర్ తుంగభద్ర
అందుకే తమ్మీ, మూత డబ్బా.

కొల్లాపూర్ మామిడి
అక్కా, రేకుల వంటిల్లు అన్నారు. నాకు ముందు భయమేసింది దానికే. మా దగ్గర ఎండాకాలం గాలిదుమారం ఏం చేస్తుందో చూశాను. 2024 మే 26న మా నాగర్‌కర్నూల్ జిల్లాలోనే, కడుతున్న కోళ్ల ఫారం గోడ గాలివానకు కూలి నలుగురు చనిపోయారు. తుపాను గాలి తీరం నుంచి ఇక్కడికి వచ్చేసరికి తగ్గుతుంది, నిజమే. కానీ రేకు లేవడానికి పెద్ద గాలి అక్కర్లేదు, చూరు కిందికి దూరితే చాలు.

రేకుల మీద రాళ్లు పెట్టి ఉంటే చాలు అనుకోకండి.

హుజూర్‌నగర్ రైతు
రాళ్లు పెడితే ఏమైందన్నా? మా తాతల నాటి నుంచీ రాళ్లే. ఇంతవరకూ ఒక్క రేకు లేవలేదు.

కొల్లాపూర్ మామిడి
లేవలేదు, సరే. లేచిన రోజు రేకు ఒక్కటే రాదు, రాయి కూడా వస్తుంది. మా మేనమామ ఇంట్లో అర్ధరాత్రి రేకు ఒక మూల లేచి పడింది. దాని మీది గుండ్రాయి జారి, మంచం కాళ్ల వైపు పడింది. తల అటువైపు పెట్టుకుని ఉంటే ఏమయ్యేదో. పొద్దున చూస్తే గచ్చు మీద దోసిలంత గుంట. ఆ గుంటను ఆయన ఇప్పటికీ పూడ్చలేదు.

రేకుల్ని కింది దూలానికి పట్టి ఉంచే వంపు బోల్టులు, జే-బోల్టులు చూడండి. తుప్పు పట్టినవి మార్చండి, కింద రబ్బరు వాషర్ వేయండి. చూరు పొడవునా రేకుల మీదుగా ఒక ఇనుప పట్టీ వేసి బోల్టులతో బిగిస్తే గాలి లోపలికి దూరదు. పెద్ద ఖర్చు కాదు, ఒక్క పూట పని.

హుజూర్‌నగర్ రైతు
సరే, ఇది ఒప్పుకుంటా. మా కొట్టం మీద ఏడు రాళ్లు ఉన్నాయి, కింద బర్రెలు ఉంటాయి. రేపే దించుతా.

మిర్యాలగూడ మిల్లు
జనరేటర్ మాట అందరూ పక్కన పెట్టేశారు. ఫ్రిజ్ నడవాలంటే అదే దిక్కు అని మళ్లీ చెప్తున్నా.

లైన్ మీద 34 ఏళ్లు
జనరేటర్ పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను రిటైరైన లైన్‌మన్‌ని, ఒక్క సంగతి చెప్పనివ్వండి. కొంతమంది జనరేటర్ వైరును తెచ్చి నేరుగా గోడ సాకెట్‌లో పెడతారు, ఇల్లంతా వెలుగుతుందని. అప్పుడు ఆ కరెంటు మీ మీటరు దాటి, మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ లోకి వెనక్కి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ 230ని తిప్పి వేల వోల్టులు చేసి లైన్ మీదికి తోస్తుంది. పైన స్తంభం మీద మా పిల్లవాడు లైన్ ఆగి ఉందని నమ్మి తీగ పట్టుకుని ఉంటాడు. లైను కరెంటు, జనరేటర్ కరెంటు కలవకుండా ఏదో ఒక్కదాన్నే ఇంటికి ఇచ్చే చేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ పెట్టడం అంటే ఇంకొకరి ఇంట్లో చీకటి నింపడమే. ఇంట్లో దీపం కోసం ఆ పని చేయకండి, దండం పెడతా.

మిర్యాలగూడ మిల్లు
మాకు చేంజోవర్ ఉంది అన్నా. కానీ అది ఎందుకు ఉందో ఈ రోజే అర్థమైంది.

దేవరకొండ కోడలు
పెద్దాయనా, తప్పుగా అనుకోకండి. ఆ మూడు రోజులు మేం ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఒకసారి ఎత్తి, వస్తున్నాం అని పెట్టేశారు. కోపం వస్తుంది కదా?

లైన్ మీద 34 ఏళ్లు
వస్తుంది అమ్మా. రావాలి కూడా. ఫోన్ ఎత్తి, ఎంతసేపు పడుతుందో నిజం చెప్పడం మా పనిలో భాగమే. రేపు వస్తుంది అంటే మీరు ఇంకో ఏర్పాటు చేసుకునేవారు.

అయితే పని ఏ వరుసలో జరుగుతుందో చెప్తాను. ముందు సబ్‌స్టేషన్, తర్వాత 33 కేవీ, 11 కేవీ లైన్లు. ఆ తర్వాత ఆసుపత్రులు, నీళ్ల పంపులు. చివరికి వీధి ట్రాన్స్‌ఫార్మర్, స్తంభం నుంచి మీ ఇంటికి వచ్చే సర్వీసు తీగ. వాగు పొంగితే స్తంభం దగ్గరికి మనిషి పోలేడు. అందుకే పక్క వీధిలో వెలిగి మీ వీధిలో వెలగదు. కరెంటు ఫిర్యాదుల ఫోన్ 1912కి చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, మీటరు మీది సర్వీసు నంబరు చెప్పండి. ఇంట్లో మిషన్ మీద ఆధారపడ్డ పేషెంటు ఉన్నారని అందులో చెప్పించండి. మీ లైన్‌మన్‌కి కూడా ముందే ఒకసారి చెప్పి ఉంచితే గుర్తుంటుంది, మేమూ మనుషులమే.

తెగిపడ్డ తీగ కనిపిస్తే దాన్ని కర్రతో జరపకండి. నేల తడిగా ఉంటే పది మీటర్ల దూరంలోనే ఆగిపోండి, పిల్లల్ని, గొడ్లను అటు పోనివ్వకండి.

వైర్‌మన్ 72
తీగ అంటే గుర్తొచ్చింది. అక్కా, మీ ఇంట్లో బట్టలారేసే దండెం ఇనుప తీగా, తాడా?

దేవరకొండ కోడలు
ఇనుప తీగే. రేకుల స్తంభం నుంచి జామచెట్టుకు కట్టి ఉంది. ఎందుకు?

వైర్‌మన్ 72
ఈ రోజే తీసేయండి. మన ఊళ్లలో ఎన్నో ప్రాణాలు పోయేది అక్కడే. రేకులకు వేలాడే సర్వీసు తీగ గాలికి ఒరుసుకుని పై తొడుగు ఊడుతుంది. రేకుకు కరెంటు వస్తుంది, రేకు నుంచి స్తంభానికి, స్తంభం నుంచి దండేనికి. తడి బట్ట ఆరేయడానికి ఒక ఆడమనిషి చేయి పెడుతుంది. ఆమెను పట్టుకుని లాగబోయిన మనిషి కూడా పోతాడు. నైలాన్ తాడు ఎంతవుతుంది, యాభై రూపాయలా? ఆ తర్వాత మెయిన్ దగ్గర, కరెంటు లీకైతే వెంటనే లైను తెంచే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించండి. ఇన్వర్టర్ కన్నా ముందు అది. ఎర్తింగ్ గుంటలో ఉప్పు, బొగ్గు ఎప్పుడు వేశారో ఎవరికీ గుర్తుండదు, అది కూడా చూపించండి.

దేవరకొండ కోడలు
ఇప్పుడే చూసి వచ్చాను. సర్వీసు తీగ నిజంగానే రేకు అంచుకు తగిలి ఉంది. అక్కడ నల్లగా మచ్చ ఉంది. పిల్లలు రోజూ ఆ దండెం పట్టుకుని ఊగుతారు అన్నా.

వైర్‌మన్ 72
మెయిన్ దించినా సర్వీసు తీగలో కరెంటు ఉంటుంది అక్కా. మీరు ముట్టుకోకండి, పిల్లల్ని వెనక్కి పోనివ్వకండి. 1912కి చెప్పండి, లైన్‌మన్ వచ్చి పైనుంచి ఆపాకే ఎవరైనా చేయి పెట్టాలి.

మర్రిగూడ టీచర్
నీళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. మా నల్లగొండ వాళ్లకు అదే మొదటి సమస్య.

మిషన్ భగీరథ నల్లా నీళ్లు పైనుంచి దొర్లుకుంటూ రావు, పంపులు తోస్తే వస్తాయి. కరెంటు పోతే ఒకటి రెండు పూటల్లో నల్లా ఆగిపోతుంది. అప్పుడు జనం వీధి బోరింగ్ దగ్గరికి పోతారు. మా మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఏం చేసిందో పుస్తకాల్లో చదవక్కర్లేదు, మా పెద్దవాళ్ల మోకాళ్లు చూస్తే తెలుస్తుంది. చాలామంది నీళ్లు కాచి తాగితే మంచివే అనుకుంటారు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గిన కొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. రెండు మూడు రోజులకు కాళ్లు వంకర పోవు, దాహంతో ఉండడం కన్నా తాగడమే నయం. కానీ పసిపిల్లలకు, కడుపుతో ఉన్నవాళ్లకు దాచిన భగీరథ నీళ్లు ఇచ్చి, స్నానాలకు, గిన్నెలకు బోరు నీళ్లు వాడండి.

వాతావరణ శాఖ ఆరెంజ్ హెచ్చరిక అన్న మాట వినగానే మా ఇంట్లో చేసేది ఇది. మూతలున్న బిందెలు, క్యాన్లు తాగే నీళ్లతో నింపుతాం, మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన మూడు రోజులకు. గోలేలు, బకెట్లు వాడకానికి. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండుగా. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే ఇక కదలమని. మన పిల్లలకు కూడా ఈ రంగులు నేర్పాలి, మా బడిలో గోడ మీద రాయించాను. ఫోన్‌లో దామిని యాప్ కూడా పెట్టుకోండి, 20 నుంచి 40 కిలోమీటర్ల లోపల పిడుగు పడే సూచన ఉంటే చెప్తుంది. చేన్లలో పత్తి ఏరే ఆడవాళ్లకు అది ఎంత అవసరమో.

హుజూర్‌నగర్ రైతు
మేడం పత్తి అన్నారు, మా వరి సంగతి కూడా చెప్పుకోవాలి. వడ్లు కొనే ఐకేపీ సెంటర్ దగ్గర రాశి పోసి పన్నెండు రోజులు కాపలా ఉన్నాను, తుపాను వార్త వినగానే టార్పాలిన్ పట్టాల కోసం తిరిగితే అద్దె మూడింతలు చెప్పారు. ఇల్లు సిద్ధం చేయడం అంటే మాకు పట్టాలు ముందే కొని పెట్టుకోవడం కూడా. చుట్టూ చిన్న కాలువ తీసి, కింద కూడా పట్టా వేస్తే గింజ మొలకెత్తదు.

సాగర్ ఎడమ కాలువ
2024 సెప్టెంబరు 1న కోదాడ ఎలా మునిగిందో చూసినవాళ్లం. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి కూడా పడింది. మాది పల్లపు వీధి. నేను నేర్చుకున్నది ఒకటే, స్విచ్ బోర్డు ఎత్తులో ఉండాలి. మా కింది సాకెట్లలోకి నీళ్లు వచ్చేలోపు మెయిన్ దించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఇప్పుడు కింది గది సాకెట్లన్నీ నాలుగు అడుగుల పైకి మార్పించాను. ఇన్వర్టర్ బ్యాటరీని కూడా బల్ల మీద పెట్టండి అక్కా.

డాలస్‌లో నల్లగొండ
నేను దూరం నుంచి మాట్లాడుతున్నా గానీ, ఇలాంటి రాత్రులు మేమూ చూశాం. 2021 ఫిబ్రవరి. టెక్సస్‌లో మంచు తుపాను. ఫిబ్రవరి 16 పొద్దున డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు. రాష్ట్రంలో 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. టెక్సస్ గ్రిడ్ చాలావరకు వేరుగా ఉంటుంది, పక్క రాష్ట్రాల నుంచి పెద్దగా తెచ్చుకోలేకపోయారు. చలికి గ్యాస్ బావులు, ప్లాంట్లు ఆగిపోయాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు.

మాది కర్రతో కట్టిన ఇల్లు. పైపుల్లో నీళ్లు గడ్డకడితే పైపు పగులుతుంది. కుళాయిలు సన్నగా కారేలా వదిలి, సింకు కింద తలుపులు తెరిచి ఉంచాం, గది వేడి పైపుకు తగలాలని. అయినా పక్కవాళ్ల ఇంట్లో సీలింగ్ పగిలి నీళ్లు పడ్డాయి. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో వాళ్లకు తెలియదు, వెతికేలోపు కార్పెట్లు మునిగాయి. మేం నలుగురం ఒకే గదిలో, గుమ్మం కింద తువ్వాలు కుక్కి, దుప్పట్లన్నీ ఒక్కచోట వేసుకుని పడుకున్నాం.

చెప్పాలనుకున్నది ఇది. చలికి తట్టుకోలేక కొంతమంది గరాజ్‌లో కారు నడిపారు, ఇంట్లో బొగ్గుల గ్రిల్ వెలిగించారు, జనరేటర్ లోపల పెట్టారు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. తలనొప్పి, మత్తు, ఆ తర్వాత లేవరు. మన దగ్గర డిసెంబరు చలిలో కుంపటి గదిలో పెట్టుకుని తలుపేసుకుంటారు కదా, మా నాయనమ్మ కూడా అలాగే చేసేది. అది వద్దు. జనరేటర్ బయట, కిటికీకి దూరంగా.

కొల్లాపూర్ మామిడి
అన్నా, కుంపటి సంగతి మా అవ్వకు ఈ రాత్రే చెప్తా. పొగ రాకపోతే ప్రమాదం లేదనుకుంటుంది.

పాలమూరు పోరడు
పైపు పగులుతుంది అంటే మాకు వింతగా ఉంది. మా పైపులు ఎండకు పగులుతాయి.

గోపాల్‌పేట దారి
రేకులు, స్లాబు ఉన్నవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. మా వైపు ఇంకా మట్టి మిద్దెలు ఎన్నో ఉన్నాయి. 2020 అక్టోబరులో మా వనపర్తి జిల్లా బుద్దారంలో వానలకు నానిన పాత ఇంటి పైకప్పు నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలింది. ఒకే ఇంట్లో ఐదుగురు ఆడవాళ్లు పోయారు. ఆ రోజు నుంచి ముసురు పట్టిందంటే మా వీధిలో ఎవరికీ నిద్ర ఉండదు.

మట్టి గోడ వాన పడుతున్నప్పుడే కూలదు. వాన ఆగి, ఎండ కొట్టాక కూడా కూలుతుంది. అందుకే వాన తగ్గింది కదా అని తిరిగి లోపల పడుకోవద్దు. గోడ కింది భాగం చేతితో తట్టి చూడండి, బోలుగా మోగినా, దూలం ఆనిన చోట కొత్త పగులు కనిపించినా, తలుపు ఉన్నట్టుండి బిగుసుకుపోయినా ఆ గది ఖాళీ చేయాలి. మేం పోయిన నెల మూడు రాత్రులు రైతుల మీటింగు భవనం, రైతు వేదికలో పడుకున్నాం. నాయన మొదట రానన్నాడు, ఇల్లు వదిలి పోతే పరువు పోతుందని. బతిమాలి తీసుకుపోయాను. ఎవరింట్లోనైనా ముసలివాళ్లు మొండికేస్తే వాళ్ల మంచం ముందు పంపండి, మనిషి వెనకే వస్తాడు.

మర్రిగూడ టీచర్
మంచం ముందు పంపండి అన్న మాట నేను రాసిపెట్టుకున్నాను.

లైన్ మీద 34 ఏళ్లు
ఒక సంగతి మిగిలిపోయింది. కరెంటు పోవడం కన్నా వచ్చే క్షణమే ప్రమాదం. ముందు వోల్టేజీ ఎక్కువ తక్కువ అవుతుంది. పోగానే ఫ్రిజ్, టీవీ, మోటరు స్విచ్‌లు ఆపేయండి, ఒక్క బుగ్గ స్విచ్ వేసి ఉంచండి. అది వెలిగి, పావుగంట నిలకడగా ఉంటే మిగతావి ఒక్కొక్కటి వేయండి. ఒక బుగ్గ మామూలు కన్నా మెరిసిపోయి, ఇంకోటి మసకగా ఉంటే న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి పోయే తీగ, తెగిందని అర్థం. ఆ సమయంలో ఇంట్లోకి 400 దాకా వోల్టులు రావచ్చు. ఆలోచించకుండా మెయిన్ దించేయండి.

బోరు మోటరుకు ఆటో స్టార్టర్ ఉంటే దాన్ని ఆఫ్ చేయండి. ఊరందరి మోటర్లు ఒక్కసారి లేస్తే వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ పది నిమిషాల్లో మళ్లీ కాలిపోతుంది. ఫ్యూజు పోతే మీరే ఎక్కి వేయకండి. ఆ పని చేసి పోయిన రైతుల ఇళ్లకు నేను వెళ్లాను.

హుజూర్‌నగర్ రైతు
నేను వేసేవాడిని. ఇక వేయను.

దేవరకొండ కోడలు
వారం అయింది, ఏం చేశానో చెప్తా. అడిగిన రాత్రే 1912కి చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకున్నాను. మర్నాడు లైన్‌మన్ వచ్చి, పైనుంచి ఆపి, తీగను రేకు మీద నుంచి పక్కకు జరిపి పింగాణీ బుడ్డీకి కట్టారు. ఆ తర్వాత దండెం విప్పాం. దాన్ని చుట్టి పాత ఇనుము కొట్టులో ఇచ్చేశాను, పిల్లలు మళ్లీ కట్టుకోకుండా. ఆర్‌సీసీబీ పెట్టించాం. జే-బోల్టులు పదకొండు మార్చారు, పట్టీ వేశారు. సైన్ వేవ్ ఇన్వర్టర్, 150 బ్యాటరీ బల్ల మీద ఉంది. లెక్క 25 దాటింది, మా ఆయన ఇంకో ఐదు పంపారు.

నిన్న ఆదివారం ఒక పని చేశాను. సాయంత్రం ఆరుకు నేనే మెయిన్ దించేశాను. తెల్లారి ఆరు దాకా వేయకూడదని పిల్లలతో పందెం. ఇప్పుడు అన్నీ ఉన్నాయి కదా అనుకున్నా. పది నిమిషాల్లోనే ఒక్కొక్కటి బయటపడ్డాయి. చార్జింగ్ బుగ్గ బీరువాలో ఉంది, బీరువా తాళం చీకట్లో దొరకలేదు. పవర్ బ్యాంక్ ఉంది, చార్జ్ లేదు. గ్యాస్ లైటర్ తడిసి ఉంది, అగ్గిపెట్టె ఇంట్లోనే లేదు. నెబ్యులైజర్ వైరు పొట్టిది, ఇన్వర్టర్ సాకెట్ నుంచి అత్తమ్మ మంచానికి అందలేదు. ఆ రాత్రి నిజంగా ఆయాసం వచ్చి ఉంటే ఆమెను మళ్లీ చీకట్లో లేపి నడిపించాల్సి వచ్చేది.

మంచం జరిపాను. ఇప్పుడు ఆమె తల సాకెట్ పక్కనే. సిస్టర్ చెప్పినట్టు స్పేసర్‌తో పఫ్ రెండుసార్లు అలవాటు చేయించాను. మొదట విసుక్కుంది, తర్వాత, ఇది పట్టుకుంటే నాకు ధైర్యంగా ఉంది బిడ్డా అంది.

చిట్యాల సిస్టర్
డాక్టర్ రాసిన చీటీ ఎక్కడ పెట్టారు?

దేవరకొండ కోడలు
ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, ఇన్వర్టర్ పైన గోడకు అంటించాను సిస్టర్. చిన్నోడికి కూడా చదవడం వచ్చు.

వైర్‌మన్ 72
మెయిన్ దించి చూడడం మా కస్టమర్లందరికీ చెప్తాను ఇక. అక్కా, ఆ పొట్టి వైరుకు ఎక్స్‌టెన్షన్ బాక్స్ నేల మీద పెట్టకండి, గోడకు మేకు కొట్టి తగిలించండి.

గోపాల్‌పేట దారి
ఈ ఆదివారం మేమూ దించుతున్నాం. నాయన ఇప్పటినుంచే అగ్గిపెట్టె జేబులో వేసుకుని తిరుగుతున్నాడు.